నా జోస్యం తప్పని వేసవి

నేను చెప్పింది చెప్పినట్టు జరగడం మొదలయ్యాక నాకు నెమ్మది లేకుండా పోయింది. ఇంకెవరైనా అయితే సంతోషపడతారు. మా ఆఫీసులో అందరూ పడ్డారు కూడా. నేను మాత్రం పొద్దున్నే ఫోను తీసి, కొండ మీద నుంచి వచ్చిన ఒక్క మాట చూసి, ముందురోజు నేను పంపిన మాటతో పోల్చి, మళ్ళీ సరిపోయిందని తెలుసుకుని, చేతిలో కాఫీ చల్లారిపోతుంటే ఇందులో ఏదో మోసం ఉందని అనుకునేదాన్ని.

నా పనేమిటో ముందు చెప్పాలి. చిత్తూరు దాటాక, సరిహద్దు దగ్గర, ఒక కొండ మీద టెలిస్కోపు ఉంది. పెద్దదేం కాదు. పరిశోధన చేసే పిల్లలు వంతులు వేసుకుని వచ్చి చుక్కల్ని ఫొటోలు తీసుకుపోతారు. మబ్బు లేకపోతే చాలని బయటివాళ్ళు అనుకుంటారు. చాలదు. పైన గాలి నిలకడగా ఉండాలి. వేడి గాలీ చల్ల గాలీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, వాటి గుండా దిగి వచ్చే వెలుగు వణుకుతుంది. కాలిన దోసె పెనం మీదుగా చూస్తే ఎదురు గోడకున్న క్యాలెండరు కదిలినట్టు ఉంటుంది కదా, అంతే. మిద్దె మీద పడుకుని చూసేవాళ్ళకు ఆ మినుకుమినుకు ముచ్చటగా ఉంటుంది. టెలిస్కోపు దగ్గర కూర్చున్నవాళ్ళకు మాత్రం చుక్క చుక్కలా కాకుండా పిండి ముద్దలా కనిపిస్తుంది. ఈ రాత్రి గాలి ఎలా ఉండబోతుందో మధ్యాహ్నమే చెప్పడం నా ఉద్యోగం.

తిరుపతి పొలిమేరలో ఉన్న మా ఆఫీసు ఆవరణలోంచి బెలూను ఎగరేస్తాం. అది పైకి పోతూ పోతూ ఏ ఎత్తులో గాలి ఎంత వేగంగా ఉందో, ఎంత వేడిగా ఉందో పంపుతుంది. ఆ లెక్కలన్నీ కంప్యూటర్ మోడలుకు మేపితే అది తన లెక్క వేస్తుంది. చివరికి నేను కొండ మీదికి పంపేది ఒక మాట. నిలకడ, మధ్యస్థం, కలత. ఈ మూడింట్లో ఒకటి. దానికే బులెటిన్ అని పెద్ద పేరు. మర్నాడు పొద్దున కొండ మీద నుంచి, రాత్రి నిజంగా ఎలా ఉందో, అదే మూడు మాటల్లో ఒకటి తిరిగి వస్తుంది.

ఈ పని మొదలుపెట్టినప్పుడు పది సార్లు చెబితే సగం తప్పేది. గాలి సంగతి అంతే, పైగా మాది కొండలూ లోయలూ ఉన్న ప్రాంతం, సరిపోకపోవడమే మామూలు. అలాంటిది ఆ ఏడాది సంక్రాంతి దాటాక మోడలుకు చిన్న మార్పులు చేశాను. ఆ తర్వాత నెలలు గడుస్తున్నా నా మాట దాదాపు తప్పలేదు. నేను చేసిన మార్పులు ఏపాటివో నాకు తెలుసు. వాటికి అంత శక్తి లేదు.

అనుమానం మా ఇంట్లో పుట్టుకతో వచ్చే జబ్బు. మాది నగరి. ఇంట్లో మరమగ్గాలు. మా నాయన పాలు పొంగినా ఎందుకు పొంగినాయని అడిగే మనిషి. పూలమ్మి మూర వేసి ఇస్తే, ఇంట్లోకి తెచ్చి తన మోచేత్తో మళ్ళీ మూర వేసేవాడు. ఆమె చెయ్యి పొట్టిది, ఈయన చెయ్యి పొడుగు, ఎప్పటికీ తక్కువే వచ్చేది, అయినా మానేవాడు కాదు. ఒక ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు నా పని బాగా సాగుతోందని, చెప్పిందల్లా నిజమవుతోందని గొప్పగా చెప్పాను. మగ్గాల చప్పుడులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన మగ్గం ఆపి, నా ముఖం చూశాడు.

"ఎవురు చెప్తా ఉండారు నిజమయిందని?"

"కొండ మీద వాళ్ళే, నాయనా."

"వాళ్ళకి నువ్వేమన్నా కావాల్నా?"

"నేనేం కావాలి? వాళ్ళెవరో నేనెవరో."

"ఏమో పాపా. నీ నోరు మంచిది కాదు. తప్పు అంటే కొట్లాడతావని ఊ కొడతా ఉంటారేమో సూసుకో."

నాకు ఒళ్ళు మండింది. కానీ తిరుగు రైల్లో కూర్చున్నాక ఆ మాట వదల్లేదు. ఎందుకంటే అది అప్పటికే నా మనసులో ఉన్న మాట.

కొండ మీద టెలిస్కోపు చూసుకునే మనిషిని నేను అన్నా అనేదాన్ని. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో గొంతు మాత్రమే తెలుసు. మర్యాదగా మాట్లాడేవాడు. మర్యాదస్తుల్ని చూస్తే నాకు ముందే అనుమానం. సాయంత్రం నా బులెటిన్ చూస్తాడు, పొద్దున అదే మాట తిరిగి పంపుతాడు, పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినట్టు. చదువుకున్నామె చెప్పింది కదా అని గౌరవమో, రాత్రంతా మేలుకుని కూర్చున్నవాడికి పొద్దున ఆలోచించే ఓపిక లేకనో. ఏదైతేనేం, నా గొప్పదనమంతా ఆయన బద్ధకం అయి ఉండవచ్చు.

ఇది నా మనసులోనే ఉండిపోయేదేమో. కానీ ఏప్రిల్‌లో మా సారు ఒక ఆలోచన చేశారు. బులెటిన్ ఇంత బాగా పనిచేస్తోంది కాబట్టి, కలత అని వచ్చిన రోజున కొండ మీద టెలిస్కోపు గుమ్మటం తెరవనక్కర్లేదు. ఆ రాత్రి యంత్రాలు తుడుచుకోవచ్చు, మనుషులు పడుకోవచ్చు. కొండ మీద పెద్దలు కూడా సరేనన్నారట. అది రూలయితే నా కాంట్రాక్టు ఉద్యోగం గట్టిపడుతుందని సారు నన్ను పిలిచి మరీ చెప్పారు. ఆయన సంతోషంగా ఉన్నారు. నేను కూడా పళ్ళు బయటపెట్టి నవ్వాను.

ఆ రూలు సంగతి బయటికి పొక్కిన రెండో రోజు ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఐరాల దగ్గర పల్లె. చెరకు పండించే ఇల్లు. పరిశోధన విద్యార్థిని. చెప్పులు గుమ్మం బయట విడిచి, నా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది.

"అక్కా, నా రాత్రులు వచ్చే నెల్లో ఉండాయి. మూడే మూడు. ఆ మూడింటికీ నువ్వు కలత అనేస్తే నా గతి ఏం గావాల?"

కూర్చోబెట్టి, టీ తెప్పించి, సంగతంతా చెప్పించుకున్నాను. ఆమె చూస్తున్న చుక్క అప్పుడప్పుడు కొద్దిసేపు మసకబారుతుందని ఆమె నమ్మకం. దాని ముందునుంచి ఏదో అడ్డం పోతోందని. పోయిన ఏడాది ఒకసారి అలా మసకబారినట్టు దొరికింది. కానీ ఆ చుక్కకు ఆనుకునే ఇంకో చుక్క ఉంది. గాలి కుదురుగా ఉంటేనే రెండూ విడిగా కనిపిస్తాయి. గాలి కదిలితే రెండూ కలిసి ఒకటే ముద్ద. పోయిన ఏడాది దొరికింది ముద్దే. ఆమె గైడు అది చుక్క చేసిన పని కాదు, గాలి చేసిన పని అని తీసిపారేశాడు. ఆమె లెక్క ప్రకారం మళ్ళీ అది మసకబారాల్సింది వచ్చే నెలలో ఆమెకిచ్చిన మూడు రాత్రుల్లో నడిమి రాత్రి. ఆ తర్వాత వానలు. వానల తర్వాత ఆ చుక్క సూర్యుడి వెనక్కి పోతుంది. అది తిరిగొచ్చేసరికి ఆమె ఫెలోషిప్ అయిపోతుంది. ఈసారి చూపించలేకపోతే ఆ చుక్కను వదిలేసి వేరే విషయం మొదలుపెట్టమని గైడు చెప్పేశాడు.

"నాలుగేండ్లు దాన్నే సూస్తా ఉండానక్కా. అది నిజమో అబద్ధమో అన్నా తెలియాల గదా."

నాకు ఆ మాట నచ్చింది. నిజమని తేలాలి అనలేదు, తెలియాలి అంది. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి నావైపు అదోలా చూసింది. నేను డబ్బు తీసుకుని గాలి మారుస్తానేమో అన్నట్టు. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే, మా ఇంటిది.

ఇక ఊరుకోలేకపోయాను. నా మాట నిజమైతే ఆమె రాత్రులు మూసేసినా తప్పులేదు. నిజం కాకపోతే, కొండ మీది అన్న ఊ కొట్టడం వల్లే నిజమవుతుంటే, ఆ అమ్మాయి నాలుగేళ్ళూ మా ఇద్దరి నాటకానికి బలైపోతాయి. తేల్చుకోవడానికి ఒక ఉపాయం చేశాను. కొన్నాళ్ళు బులెటిన్ మర్నాడే పంపుతానని, ఇది ఒక పరీక్ష అని కొండ మీదికి కబురు పెట్టాను. సాయంత్రం మాట రాసి నా దగ్గరే ఉంచుకున్నాను. పొద్దున అన్న మాట వచ్చాక పోల్చాను.

వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. నేను కలత రాసుకుంటే ఆయన నిలకడ అన్నాడు. నేను నిలకడ రాసుకుంటే ఆయన మధ్యస్థం అన్నాడు. అంతకు ముందు పచ్చబొట్టులా అతుక్కుపోయిన మా మాటలు తలొక దారి పట్టాయి. నాకు కోపమూ వచ్చింది, లోపల్లోపల నెగ్గిన తృప్తీ కలిగింది. దొరికావు అన్నా, అనుకున్నాను. నా జోస్యం డొల్ల అని తేలినందుకు ఏడవాల్సింది పోయి, ఒక మనిషిని పట్టుకున్నందుకు పొంగిపోయాను. మా రక్తం అలాంటిది.

ముఖం మీదే అడగాలని కొండకు బయల్దేరాను. అమ్మాయిని కూడా రమ్మన్నాను. చిత్తూరు బస్టాండులో కలుసుకున్నాం. ఆమె సంచిలో వేయించిన వేరుశనక్కాయలు తెచ్చింది. కొండ కిందిదాకా బస్సు, అక్కడి నుంచి ఆఫీసు జీపు. దారిలో ఆఫీసులో నా తోటి ఉద్యోగి మోడలు లెక్క పంపితే, ఆ సాయంత్రం బులెటిన్ నేనే ఫోనులోంచి పంపేశాను. పరీక్ష ముగిసిందని, ఇకనుంచి మామూలుగానే ముందే వస్తుందని కూడా రాశాను. ఆ సాయంత్రం మాట కలత.

మేం పైకి చేరేసరికి ఎండ ఇంకా కొండను వదల్లేదు. అన్న ఎదురొచ్చాడు. బక్కపల్చని మనిషి, మెడలో తువ్వాలు. మంచినీళ్ళిచ్చాడు. నేను నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టకుండానే అడిగేశాను.

"అన్నా, పొద్దున మాట ఎలా రాస్తావు? చూసి రాస్తావా, నా మాట చూసి రాస్తావా?"

ఆయన నొచ్చుకుంటాడనుకున్నాను. నవ్వాడు. రామ్మా అని లోపలికి తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తీసిన ప్రతి ఫొటోలో చుక్క ఎంత వెడల్పుగా ఉందో యంత్రమే కొలిచి అంకె వేస్తుంది. ఇంత లోపుంటే నిలకడ, ఇంత దాటితే కలత అని గోడకు పట్టీ అంటించి ఉంది. పొద్దున ఆయన చేసేదల్లా అంకె చూసి మాట పంపడం. ఆయన కావాలన్నా మార్చడానికి అందులో చోటు లేదు. పాత రాత్రులవి కొన్ని తీయించి చూశాను. నా కలత రాత్రుల్లో చుక్కలు నిజంగానే ముద్దలు. నా నిలకడ రాత్రుల్లో నిజంగానే చుక్కలు.

"నేను ఊ కొడతా ఉండానని అనుకున్నారామ్మా?" అన్నాడు.

"అనుకున్నాను."

"నేనింగోటి అనుకుంటి లెండి. మీరు ఆడ కూసోని మా కంప్యూటర్‌లోకి దూరి, రాత్రి సగంలో మా అంకెల్ని మీ బులెటిన్‌కి సరిపోయేటట్టు మార్చేస్తా ఉండారని. ఇంత కరెట్టుగా ఎవురు చెప్తారమ్మా గాలి సంగతి?"

అమ్మాయి పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆయన మోసం చేయలేదు, నేనూ చేయలేదు. ముందే పంపితే నా మాట నిజమవుతోంది, దాచుకుంటే నిజం కావడం లేదు. మనుషుల మోసం అయితే పట్టుకోవచ్చు. ఇదేమిటో తెలియక నాకు భయం వేసింది.

టీ తాగుతూ వరండాలో కూర్చున్నాం. ఎండ కొండ అంచు దిగింది. నేను గుమ్మటం వైపే చూస్తున్నాను. దాని తలుపు మూసే ఉంది.

"తలుపు ఎప్పుడు తీస్తావన్నా?"

"ఈపొద్దు మీరు కలత అన్నారు గదమ్మా. ఇంగ తొందరేముండాది? సీకటి పడినాక తీస్తే సాలు."

"నిలకడ అంటే?"

"అప్పుడు ఎండ దిగతానే తీసేస్తా. పక్క కిటికీలు కూడా. ఫ్యాన్లు యేస్తా."

"రోజూ అలా తీయొచ్చు కదా?"

"కోతులమ్మా," అన్నాడు. "ఎలుతురుండంగా తీస్తే లోపలికి దూరతాయి. పోయినేడు ఒగటి దూరి వైర్లన్నీ పీకేసినాది. తీసినామంటే సీకటి పడేదాకా కట్టె పట్టుకోని ఆడనే కూసోవాల. మంచి రాత్రి వస్తాదంటే కూసుంటా. ఎట్లా కలతే అంటే, కోతులకి కాపలా ఎందుకు?"

టీ గ్లాసు అక్కడ పెట్టి గుమ్మటం లోపలికి పోయాను. పగలంతా ఎండ తాగిన రేకు. లోపల మా నగరిలో మే నెల మగ్గాల షెడ్డు ఎలా ఉంటుందో అలా ఉంది. నేల వేడి, గోడ వేడి, టెలిస్కోపు ఇనుము చేతికి చుర్రుమంది. చీకటి పడ్డాక ఆయన తలుపు తీసినప్పుడు నేను ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలి వేడంతా నా ముఖం మీదుగా బయటికి పోయింది. ఆ వేడి గాలిలోంచే టెలిస్కోపు ఆకాశాన్ని చూడాలి. అది తగ్గేసరికి రాత్రి చాలావరకు గడిచిపోతుంది. తెర మీద మొదటి చుక్క పడింది. ముద్ద.

కలత అని నేను చెబితే ఆయన తలుపు ఆలస్యంగా తీస్తున్నాడు. ఆలస్యంగా తీస్తే లోపలి వేడి చుక్కను ముద్ద చేస్తోంది. పొద్దున యంత్రం నిజాయితీగా కలత అని కొలుస్తోంది. నిలకడ అంటే పెందలాడే తీసి చల్లబరుస్తున్నాడు, చుక్క కుదురుగా వస్తోంది. పైన గాలితో నిమిత్తం లేకుండా నా మాటను ఆ తలుపే నిజం చేస్తోంది. నేను మాట దాచుకున్న రోజుల్లో ఆయన తోచినప్పుడు తలుపు తీశాడు, అందుకే మా మాటలు కలవలేదు. ఆరా తీస్తే ఆ కోతి లోపల దూరింది కిందటి ఏడాది చివర. కాపలా అలవాటు మొదలైంది అప్పటినుంచే. నా జోస్యం తప్పకుండా పోయిందీ ఇంచుమించు అప్పటినుంచే. నేను మోడలుకు చేసిన మార్పులు ఎందుకూ పనికి రాలేదని అక్కడే, ఆ తలుపు దగ్గరే తెలిసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

వారం తర్వాత రూలు ఖాయం చేసే మీటింగు. నేను చూసింది చెప్పాను. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే ఇన్ని నెలలు మన బులెటిన్ సరిపోయింది ఎవరి వల్ల?"

"కోతుల వల్ల సార్."

ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఒక్క సాయంత్రం చూసి ఇంత మాట అనడం తొందరపాటన్నారు. బులెటిన్‌లో అసలు సత్తా లేదనడానికి ఇది చాలదన్నారు. అది నిజమే, నాకూ ఆ ఆశ ఉంది. చివరికి ఆయనే ఒక ఒప్పందం పెట్టారు. ఆ అమ్మాయి రాత్రులకు బులెటిన్ మామూలుగానే పంపాలి. కొండ మీద మాత్రం ఏ మాట వచ్చినా ఎండ దిగగానే తలుపు తీయాలి. కలత అన్న రాత్రి చుక్క ముద్దగానే వస్తే బులెటిన్‌కు సత్తా ఉన్నట్టు, రూలు ఖాయం. కుదురుగా వస్తే బులెటిన్ ఆపేయడం. ఆపేస్తే నా కాంట్రాక్టు సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మీటింగు గది గుమ్మం దగ్గరికి వచ్చాక మాత్రం మెల్లగా అన్నారు, "నీ కొమ్మ నువ్వే నరుక్కుంటున్నావు, తెలుస్తోందా?"

తెలుస్తోంది. తెలియకేం.

ఆమె రాత్రులు వచ్చాయి. మొదటి రోజు మబ్బు, ఎవరికీ ఏమీ తేలలేదు. రెండో రోజు, చుక్క మసకబారాల్సిన రోజు, మధ్యాహ్నం బెలూను లెక్కలు వచ్చాయి. మోడలు కలత అంది. కాస్త అటూ ఇటూగా కూడా కాదు, గట్టిగా కలత. నేను రెండు సార్లు లెక్క వేయించాను. మూడోసారి వేయించబోయి ఆగిపోయాను, ఏ మాట రావాలని వేయిస్తున్నానో నాకే తెలియలేదు. నిజమైతే నా ఉద్యోగం నిలుస్తుంది, ఆ అమ్మాయి చుక్క పోతుంది. అబద్ధమైతే ఆమెకు చుక్క దక్కుతుంది, నాకు ఏం మిగులుతుందో తెలియదు. కలత అని పంపాను.

వెంటనే ఆమె ఫోన్ చేసింది. "సూసినానక్కా," అంది. గొంతు పీలగా ఉంది. "తలుపులన్నీ తీసేసినాం. అన్న వంట చేస్తా ఉండాడు. నేను కట్టె పట్టుకోని కూసున్నా."

"కోతులు వచ్చాయా?"

"గోడ మీద వరసగా కూసోని నన్నే సూస్తా ఉండాయి. నేనూ వాటినే సూస్తా ఉండా."

ఆ రాత్రి నేను తిరుపతిలో నా గదిలోనే ఉన్నాను. ఫోను పక్కనే పెట్టుకున్నాను గానీ చేయలేదు. చేస్తే ఏమడుగుతానో అని నామీద నాకు నమ్మకం లేదు.

మర్నాడు పొద్దున ఫోన్లో అన్న పంపిన మాట చూశాను. నిలకడ. ఇంకా చూస్తుండగానే తలుపు చప్పుడైంది. అమ్మాయి. మొదటి బస్సుకే దిగి, బస్టాండు నుంచి నేరుగా వచ్చేసింది. తల రేగిపోయి ఉంది. చెప్పులు విప్పుతూనే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి నా మంచం మీదే తెరిచింది. రెండు చుక్కలు, మధ్య నల్లటి సందు. విడివిడిగా, గుండ్రంగా. తర్వాత గీత చూపించింది, రాత్రంతా ఆ చుక్క వెలుగు ఎలా నడిచిందో చెప్పే గీత. తిన్నగా నడిచి, ఒకచోట కిందికి దిగి, కొద్దిసేపు అక్కడే ఉండి, మళ్ళీ పైకి వచ్చింది.

నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

"మబ్బు తునక అడ్డం వచ్చిందేమో."

"చుట్టూ ఉండే చుక్కలు తగ్గలేదక్కా." వాటి గీతలు చూపించింది. తిన్నగా ఉన్నాయి.

"పక్క చుక్క తగ్గి ఉంటుంది."

"దాన్ని విడిగా కొలిచినా." అదీ తిన్నగానే ఉంది.

"కెమెరాలో అక్కడ మచ్చ ఉందేమో. చుక్క జరిగి దాని మీదికి పోయి ఉంటుంది."

"జరగలేదు. సూడు."

"ఆ సమయానికి టెలిస్కోపు తిప్పారా? ఎవరైనా లైటు వేశారా? అన్న టార్చి పట్టుకుని తిరిగాడా?"

ఒక్కోదానికీ ఆమె దగ్గర సమాధానం ఉంది. నా ప్రశ్నలు అయిపోలేదు. ఇంకోటి, ఇంకోటి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఇంగేం సూపించాలక్కా నీకు?"

అనుమానించడం నా వృత్తి, నాకు తెలిసిన ఒకే మర్యాద. చుక్క మీదా, కెమెరా మీదా, కొండ మీది అన్న మీదా నేను అడగని ప్రశ్న లేదు. కానీ ఇప్పుడు అడిగిన ఒక్కో ప్రశ్న వెనకా ఏముందో వెతికితే, నిన్న నేను పంపిన కలత కనిపించింది. ఈ గీత నిజమైతే నా మాట అబద్ధం. ఇందాకటి నుంచి నేను ఆమె చుక్కను పరీక్షించడం లేదు, నా ఉద్యోగాన్ని కాపాడుకుంటున్నాను. నా జన్మలో అంత వెగటుగా నాకు నేను ఎప్పుడూ అనిపించలేదు.

ఫోను తీసి సారుకు చేశాను. ఆయన వాకింగులో ఉన్నారు, రొప్పుతూ ఎత్తారు. ఆమె వినేలా చెప్పాను.

"సార్, నిన్నటి నా బులెటిన్ తప్పు. ఆ అమ్మాయి చుక్క మసకబారింది. అన్ని విధాలా చూశాను. గాలి పని కాదు. నిజం."

సరే, ఆఫీసుకు రా, మాట్లాడదాం అని పెట్టేశారు. ఆయన ఏం మాట్లాడతారో నాకు తెలుసు.

అమ్మాయి ల్యాప్‌టాప్ మూయలేదు, ముఖం తుడుచుకోలేదు. నా చేతిలో ఫోను వైపే చూస్తోంది.

"ఇంగోసారి చెప్పక్కా," అంది.

"నిజం," అన్నాను.